తెర వెనక తీగలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

డిస్‌ప్లే ఉన్న పరికరాల లోపలి వైరింగ్ మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే కథ. పెట్టె తయారైంది, బోర్డు తయారైంది, ప్యానెల్ (అంటే తెర) వచ్చేసింది, కేబుల్ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. హార్నెస్ (పరికరం లోపలి వైర్ల కట్ట) డ్రాయింగులు గీయడమే నా ఉద్యోగం కాబట్టి ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కేబుల్ కూడా బోర్డులాగే డిజైన్ చేయాల్సిన భాగం. దానికీ డ్రాయింగ్ ఉండాలి, రివిజన్ నంబర్ ఉండాలి. ప్యానెల్ ఖాయం చేసుకున్న రోజే దాని పని మొదలుపెట్టాలి. ఇక ప్రశ్నల్లోకి వెళదాం.

మేడమ్, మా పరికరంలో 10.4 అంగుళాల ఎల్‌వీడీఎస్ ప్యానెల్ వాడుతున్నాం. రెడీమేడ్ కేబుల్ తగిలిస్తే బొమ్మ వస్తోంది కానీ రంగులు తేడాగా ఉన్నాయి. నున్నగా మారాల్సిన చోట చారలు చారలుగా కనిపిస్తున్నాయి. పైగా అప్పుడప్పుడు తెర మీద చుక్కలు మెరుస్తున్నాయి. సొంతంగా కేబుల్ చేయించుకుంటే ఇవి పోతాయా?

పోతాయి. కానీ ఈ రెండూ వేర్వేరు జబ్బులు, విడివిడిగా చూడాలి.

ముందు రంగులు. ఎల్‌వీడీఎస్ అంటే బోర్డు నుంచి ప్యానెల్‌కి బొమ్మని వైర్ల జతల మీద, తక్కువ వోల్టేజీతో పంపే పద్ధతి. 24 బిట్ల ఎల్‌వీడీఎస్‌లో నాలుగు డేటా జతలు, ఒక క్లాక్ జత (బిట్లు ఎప్పుడు చదవాలో చెప్పేది) ఉంటాయి. ఏ బిట్ ఏ జతలో వెళ్లాలన్న దానికి రెండు పద్ధతులున్నాయి: వెసా, జైడా. వెసాలో నాలుగో జత మీద ప్రతి రంగులోనూ పెద్ద విలువ ఉన్న రెండు బిట్లు వెళతాయి. జైడాలో అదే జత మీద చిన్న విలువ ఉన్న రెండు బిట్లు వెళతాయి. బోర్డు ఒక పద్ధతిలో పంపి, ప్యానెల్ రెండో పద్ధతిలో చదువుకుంటే మీరు చెప్పిన చారలే వస్తాయి. బొమ్మ ఆకారం బాగానే ఉంటుంది కాబట్టి చాలామంది ప్యానెల్ పాడైందనుకుని మార్చేస్తారు. అంత తొందర అక్కర్లేదు. చాలా ప్యానెళ్లలో ఈ పద్ధతిని ఎంచుకోవడానికే ఒక పిన్ ఉంటుంది. దాన్ని గ్రౌండ్‌కి కలిపితే ఒక పద్ధతి, 3.3 వోల్టులకు కలిపితే ఇంకో పద్ధతి. ఏది దేనికో డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) రాసి ఉంటుంది. రెడీమేడ్ కేబుల్ చేసినవాళ్లు ఆ పిన్‌ని ఖాళీగా వదిలేసి ఉండొచ్చు, లేదా ఇంకెవరి ప్యానెల్‌కో సరిపోయేలా కట్టి ఉండొచ్చు. సొంత కేబుల్‌లో ఆ పిన్‌కి ఒక చిన్న వైరు వేస్తే పనైపోతుంది, సాఫ్ట్‌వేర్ ముట్టుకోనక్కర్లేదు.

ఇక చుక్కలు. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మల్టీమీటర్‌కి అస్సలు దొరకని లోపం ఇది. ఎల్‌వీడీఎస్‌లో ప్రతి సిగ్నల్‌కీ ప్లస్, మైనస్ అని రెండు వైర్లు. ఆ రెండింటి మధ్య ఊగే వోల్టేజీ సుమారు 350 మిల్లీవోల్టులే. ఆ రెండూ ఒకదానితో ఒకటి మెలి తిరిగి పక్కపక్కనే నడిస్తేనే బయటి నాయిస్ రెండింటి మీదా సమానంగా పడి, అవతలి కొసన కొట్టుకుపోతుంది. 100 ఓమ్‌ల ఇంపెడెన్స్ (వేగంగా మారే సిగ్నల్‌కి ఆ జత చూపే నిరోధం) నిలబడేది కూడా ఆ మెలి వల్లే.

ఇప్పుడు 20 పిన్ల ప్యానెళ్లలో చాలావాటికి ఉండే వరస చూడండి. 1, 2 పవర్. 3, 4 గ్రౌండ్. 5, 6 మొదటి డేటా జత. 7 గ్రౌండ్. 8, 9 రెండో జత. 10 గ్రౌండ్. 11, 12 మూడో జత. 13 గ్రౌండ్. 14, 15 క్లాక్. కేబుల్ కట్టే మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదనుకోండి. 1-2, 3-4, 5-6, 7-8, 9-10 అంటూ రెండేసి వైర్లు మెలేసుకుంటూ పోతారు. 5-6కి ఏ ఇబ్బందీ లేదు, 11-12కీ లేదు. కానీ 8వ వైరు గ్రౌండ్ 7తో, 9వ వైరు గ్రౌండ్ 10తో మెలి తిరుగుతాయి. క్లాక్ జతకీ అదే గతి: 14వది 13తో, 15వది 16తో వెళ్లిపోతుంది. మీటర్ పెట్టి చూస్తే ఈ కొస నుంచి ఆ కొసకు ప్రతి పిన్నూ బీప్ అంటుంది, కేబుల్ పాస్ అవుతుంది. తెర మీద మాత్రం చుక్కలు. అందులోనూ మోటారో, రిలేయో పనిచేసినప్పుడు ఎక్కువ. మీ కేబుల్ తొడుగు కొంచెం వెనక్కి జరిపి 8, 9 వైర్లు ఒకదానితో ఒకటి మెలి తిరిగాయో లేదో కంటితో చూడండి. అక్కడే తేలిపోతుంది.

అందుకే డ్రాయింగ్‌లో పిన్ పట్టిక వేసేటప్పుడు బోర్డు వైపు పిన్, సిగ్నల్ పేరు, ప్యానెల్ వైపు పిన్, వైరు మందం, రంగు మాత్రమే రాసి వదిలేయకండి. "జత నంబర్" అని ఇంకో గడి పెట్టండి. 8, 9 ఎదురుగా రెండింటికీ ఒకే నంబర్ పడాలి. అలాగే ఒకటో పిన్ ఎటు ఉందో చూపించే బొమ్మ వేసి, అది కనెక్టర్‌ని వైర్ల వైపు నుంచి చూసినదా, తగిలించే ముఖం వైపు నుంచి చూసినదా అన్నది బొమ్మ కిందే రాయండి. ఈ ఒక్క వాక్యం లేక మొత్తం బ్యాచ్ తిరగబడి వచ్చిన సందర్భాలు చాలా చూశాను.

కేబుల్ పొడవు ఎంత పెట్టాలి? 30 సెంటీమీటర్లు చాలనిపిస్తోంది కానీ భయానికి 60 పెడదామని మావాళ్లు అంటున్నారు. మా ప్యానెల్ తలుపుకి ఉంటుంది, బోర్డు లోపల ఉంటుంది.

భయానికి పొడవు పెంచకండి. మిగిలిన పొడవుని ఎవరో ఒకరు చుట్టచుట్టి టై కడతారు. ఆ చుట్ట సరిగ్గా పవర్ సప్లై పక్కనే చేరుతుంది, ఎందుకంటే ఖాళీ ఉండేది అక్కడే.

కంప్యూటర్ మోడల్‌లో గీసిన గీతని నమ్మకుండా అసలు పెట్టెలో కొలవండి. ఒక పాత వైరు తీసుకుని, క్లిప్పులు ఎక్కడెక్కడ వస్తాయో అక్కడక్కడే పట్టించుకుంటూ, తలుపు పూర్తిగా తెరిచిపెట్టి నడిపించండి. కనెక్టర్ నుంచి బయటికొచ్చిన వెంటనే వైర్లు వంగకూడదు. మొదటి 10, 15 మిల్లీమీటర్లు నిటారుగా రావాలి. ఆ దూరాన్ని రెండు కొసల్లోనూ లెక్కలో వేసుకోండి. తలుపు పూర్తిగా తెరుచుకున్నాక కూడా కేబుల్ కాస్త వదులుగా ఉండాలి. తలుపుని ఆపాల్సింది కీలే తప్ప కేబుల్ కాదు.

కీలు దగ్గర వైర్లని ఎలా తిప్పుతారన్నది పొడవు కంటే ముఖ్యం. కీలుకి అడ్డంగా వేస్తే తలుపు తీసిన ప్రతిసారీ వైర్లు ఒకే చోట మడత పడతాయి. కీలు వెంబడే, దానికి సమాంతరంగా కొంత దూరం నడిపి అవతలికి తీసుకెళితే, మడత పడే బదులు ఆ పొడవంతటా కొద్దికొద్దిగా మెలి పడతాయి. రాగి పోగులు ఎక్కువకాలం తెగకుండా ఉంటాయి. కీలుకి అటూ ఇటూ ఒక్కో క్లిప్పు తప్పనిసరి. రేకు రంధ్రంలోంచి వైర్లు దాటేచోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) లేకుండా డ్రాయింగ్ మీద సంతకం పెట్టకండి.

డ్రాయింగ్‌లో పొడవు రాసేటప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికో బాణాలతో చూపించండి. హౌసింగ్ (కనెక్టర్ ప్లాస్టిక్ తొడుగు) ముఖం నుంచా, వైరు బయటికొచ్చే చోటు నుంచా? రెండు కొసల్లో కలిపి ఈ తేడా సెంటీమీటర్ దాటొచ్చు. 30 సెంటీమీటర్ల కేబుల్‌కి అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల టాలరెన్స్ ఇస్తే కట్టేవాళ్లకి ఇబ్బంది ఉండదు. 1 మిల్లీమీటర్ అడిగితే ఇస్తారు, కానీ అందుకు అయ్యే ఖర్చు మీరే కట్టాలి. వైర్ల కట్టకి అంత ఖచ్చితత్వం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

మేడమ్ గారూ, స్క్రీన్ వెలుతురు సగంలో ఉంటే బాగానే ఉంటుంది. ఫుల్ పెడితే మాత్రం మిణుకుమిణుకుమంటుంది, ఒక్కోసారి ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. బ్యాక్‌లైట్ డ్రైవర్ మార్చాం, పవర్ సప్లై మార్చాం, తగ్గలేదు. టెన్షన్‌గా ఉంది, వచ్చే నెలలో సరుకు పంపాలి.

టెన్షన్ పడకండి. ఇంకేదీ మార్చకముందు ఒక పని చేయండి. వెలుతురు ఫుల్‌లో పెట్టి, బ్యాక్‌లైట్ డ్రైవర్ (తెర వెనక దీపాలకి కరెంటిచ్చే సర్క్యూట్) కనెక్టర్ దగ్గర, అంటే కేబుల్ అవతలి కొసన వోల్టేజీ కొలవండి. పవర్ సప్లై దగ్గర కాదు. అక్కడ 12 వోల్టులు చక్కగానే కనిపిస్తాయి.

మీ ఉత్తరంలో 28 గేజ్ వైరు, 60 సెంటీమీటర్లు, ఫుల్‌లో 2 ఆంపియర్లు అని రాశారు కదా, లెక్క వేద్దాం. 28 ఏడబ్ల్యూజీ (అమెరికన్ వైర్ గేజ్, నంబర్ తగ్గేకొద్దీ వైరు లావు) రాగి వైరు మీటరుకి సుమారు 0.21 ఓమ్‌లు. కరెంట్ వెళ్లడానికి 60, తిరిగి రావడానికి 60, మొత్తం 1.2 మీటర్లు. అంటే పావు ఓమ్ పైచిలుకు. 2 ఆంపియర్లకి అర వోల్టు వైరులోనే పోతుంది. దాని మీద నాలుగు టెర్మినళ్ల (వైరు కొసల్లో బిగించే లోహపు ముక్కల) నిరోధం కలపండి. పైగా ఈ డ్రైవర్లు తీసుకునే పవర్ స్థిరంగా ఉంటుంది కాబట్టి వోల్టేజీ తగ్గేకొద్దీ కరెంట్ ఇంకా ఎక్కువ లాగుతాయి. ఒక హద్దు కిందికి పడగానే డ్రైవర్ తనంతట తను ఆగిపోతుంది. ఆగగానే కరెంట్ పోయి వోల్టేజీ మళ్లీ పైకొస్తుంది, డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. మీకు కనిపించే మిణుకు ఇదే అయ్యుంటుంది.

24 గేజ్ వేస్తే అదే దూరానికి నష్టం 0.2 వోల్టులకి వస్తుంది. కానీ అంత లావు వైరు మీ 1.25 మిల్లీమీటర్ల పిచ్ (పిన్‌కీ పిన్‌కీ మధ్య దూరం) టెర్మినల్‌లో పట్టదు, పైగా అలాంటి చిన్న టెర్మినల్ మోయగలిగేది ఒక్కోటి సుమారు 1 ఆంపియరే. ఆ లెక్కన ఒక్క వైరు మీద 2 ఆంపియర్లు పంపడమే తప్పు. డ్రైవర్ కనెక్టర్ చూడండి, పవర్‌కి రెండు మూడు పిన్లు, గ్రౌండ్‌కి రెండు మూడు పిన్లు ఉంటాయి. తయారీదారు వాటిని ఊరికే పెట్టలేదు. అన్నిటికీ వైర్లు వేయండి. కేబుల్‌ని పొట్టి చేయగలిగితే అదీ చేయండి. పిన్లు ఉన్నా ఒక్కోటే వాడి, మిగతావి ఖాళీగా వదిలేసిన కేబుళ్లే నాకు ఎక్కువగా కనిపిస్తుంటాయి.

గ్రౌండ్ వైరు గురించి ఒక మాట. ఆ అర వోల్టులో సగం గ్రౌండ్ వైపే పోతుంది. అంటే డ్రైవర్ గ్రౌండ్ మీ బోర్డు గ్రౌండ్ కంటే పావు వోల్టు పైకి లేచి ఉంటుంది. వెలుతురు తగ్గించే పీడబ్ల్యూఎం సిగ్నల్‌ని డ్రైవర్ ఆ లేచిన గ్రౌండ్‌తో పోల్చి చదువుతుంది. వైర్లు పెంచితే ఈ బాధా తగ్గుతుంది.

పాత ప్యానెల్ ఉత్పత్తి ఆగిపోతోంది. కొత్తది ఈడీపీ. పాత ఎల్‌వీడీఎస్ కేబుల్ వైర్లే ఉంచి కొసలు మార్చుకోవచ్చా?

వద్దు. ఈడీపీ కూడా బోర్డు నుంచి ప్యానెల్‌కి బొమ్మ పంపే పద్ధతే, కానీ వేగం చాలా ఎక్కువ. 1024×768 తెరకి, సెకనుకి 60 ఫ్రేములతో, ఎల్‌వీడీఎస్ క్లాక్ 65 మెగాహెర్ట్జ్. ఒక్కో క్లాక్‌కి 7 బిట్లు కాబట్టి ఒక్కో జత మీద సెకనుకి 455 మెగాబిట్లు, అంటే ఒక్కో బిట్‌కి 2.2 నానోసెకన్లు. ఈడీపీలో మామూలుగా వాడే వేగం ఒక్కో లేన్‌కి (అంటే జతకి) సెకనుకి 2.7 గిగాబిట్లు. ఒక్కో బిట్‌కి 370 పికోసెకన్లే. కేబుల్‌లో సిగ్నల్ సెంటీమీటర్ దూరం నడవడానికి సుమారు 50 పికోసెకన్లు పడుతుంది. జతలో ఒక వైరు రెండోదానికంటే సెంటీమీటర్ పొడవైతే ఎల్‌వీడీఎస్‌లో ఎవరికీ తెలియదు. ఈడీపీలో బిట్ టైమ్‌లో ఏడో వంతు అక్కడే పోతుంది. దీనికి వెంట్రుకంత సన్నటి కోయాక్సియల్ వైర్లతో, అర మిల్లీమీటర్ పిచ్ కనెక్టర్లతో చేసే కేబుల్ వేరే. ఆ కనెక్టర్లని చేతితో క్రింప్ చేయడం (టెర్మినల్ రెక్కలు నొక్కి వైరుకి బిగించడం) కుదరదు, అది చేసే యంత్రాలున్న వాళ్లకే ఇవ్వండి. కొత్త ప్యానెల్ పవర్, బ్యాక్‌లైట్ పిన్లు కూడా అదే కనెక్టర్‌లో ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి పాత బ్యాక్‌లైట్ కేబుల్‌కి ఇక పని ఉండకపోవచ్చు. పిన్ పట్టిక మొదటి నుంచి వేసుకోండి.

వైర్లకి బదులు పల్చటి ఫ్లాట్ కేబుల్, అదే ఎఫ్‌ఎఫ్‌సీ, వాడితే తక్కువలో అయిపోతుంది కదా?

బోర్డు, ప్యానెల్ ఎదురెదురుగా కదలకుండా ఉండి, దూరం తక్కువైతే వాడండి, మంచిదే. కానీ రెండు కొసల్లో లోహం కనిపించే ముఖాలు ఒకే వైపా, చెరో వైపా అని ఆర్డర్‌లో స్పష్టంగా రాయండి. పొరపాటైతే కాంటాక్ట్ తగలదు. దాన్ని తగిలించాలని తిప్పి పెడితే ఒకటో పిన్ వెళ్లి ఆఖరి పిన్ మీద కూర్చుంటుంది, పవర్ పిన్‌లో సిగ్నల్, సిగ్నల్ పిన్‌లో పవర్. తలుపు కీలు మీద మామూలు ఎఫ్‌ఎఫ్‌సీ వేయకండి.

కేబుల్ చేసేవాళ్లు "ఈ కనెక్టర్ దొరకడం ఆలస్యం, సమానమైనది ఉంది, అది వేస్తాం" అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

హౌసింగ్ ఎక్కినంత మాత్రాన సమానం అయిపోదు. మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. ఒకటి, టెర్మినల్ పూత. బోర్డు మీద బంగారు పూత ఉంటే కేబుల్ వైపూ బంగారమే, తగరం ఉంటే తగరమే. బంగారం, తగరం కలిస్తే, అందులోనూ కదలిక ఉన్న పరికరంలో, కొన్నాళ్లకి కాంటాక్ట్ నిరోధం పెరిగిపోతుంది. రెండు, తాళం. ఆ హౌసింగ్ మీ బోర్డు కనెక్టర్‌లో టక్కుమని పడాలి, ఊపితే రాకూడదు. మూడు, టెర్మినల్‌కి సరిపడే వైరు. ఇందులో రాగి మందంతోపాటు పైన తొడుగు వ్యాసం కూడా చూడాలి. ఒకే 28 గేజ్‌లో యూఎల్ 1571 అని 80 డిగ్రీలు, 30 వోల్టుల వైరు ఉంది. యూఎల్ 1061 అని 80 డిగ్రీలు, 300 వోల్టుల వైరూ ఉంది. తొడుగుల మందం తేడా. టెర్మినల్ వెనక రెక్కలు తొడుగుని పట్టుకోవాలి. తొడుగు లావైతే వైరు హౌసింగ్‌లోకి దూరదు, సన్ననైతే రెక్కలు దాన్ని పట్టుకోవు. అప్పుడు లాగుడంతా రాగి పోగుల మీదే పడుతుంది.

క్రింప్‌ని ఒక భూతద్దం పెట్టి మీరే చూడగలరు. రాగిని పట్టుకునే ముందు రెక్కల అవతల రాగి పోగుల కొసలు కొంచెం బయటికి కనిపించాలి. ముందు రెక్కలకీ వెనక రెక్కలకీ మధ్య ఖాళీలో రాగి, తొడుగు అంచు రెండూ కనిపించాలి. ముందు రెక్కల కొసలు గంట అంచులా కాస్త విచ్చుకుని ఉండాలి. ఒక్క పోగైనా పక్కకి తప్పించుకుని నిలబడి ఉంటే ఆ ముక్క వద్దు. సన్నటి పిచ్ కనెక్టర్లలో ఆ పోగు పక్క పిన్‌ని తాకుతుంది. పనితనానికి ఐపీసీ డబ్ల్యూహెచ్ఎంఏ ఏ-620 అనే ప్రమాణం ఉంది. అందులో మూడు తరగతులున్నాయి. మీ డ్రాయింగ్‌లో ప్రమాణం పేరు, తరగతి రెండూ రాయండి. అప్పుడు వాదన మీ ఇష్టానికీ వాళ్ల ఇష్టానికీ మధ్య కాకుండా పేజీ చూసి తేల్చుకునేదిగా మారుతుంది.

టచ్ అప్పుడప్పుడు దానంతట అదే నొక్కుకుంటోంది. బ్యాక్‌లైట్ వైర్లతో కలిపి ఒకే కట్టగా కట్టాం.

విడదీయండి. టచ్ ఐ టూ సీ మీద నడుస్తుంటే అది బోర్డు మీద దగ్గరి చిప్‌ల కోసం పెట్టిన పద్ధతి. లైను మీద మొత్తం కెపాసిటెన్స్ 400 పికోఫారడ్‌లు దాటకూడదు, పొడవైన కేబుల్ అందులో పెద్ద వాటానే తినేస్తుంది. క్లాక్, డేటా వైర్లని ఒకదానితో ఒకటి మెలేయకండి, ఒక్కోదాన్ని దాని గ్రౌండ్ వైరుతో మెలేయండి. దూరం తగ్గించలేకపోతే యూఎస్‌బీ టచ్ కంట్రోలర్‌కి మారడం నా సలహా. దానికి 90 ఓమ్‌ల జత వాడాలి.

శాంపిల్ కేబుళ్లు వచ్చాయి. మీటర్‌తో అన్నీ కలుస్తున్నాయి. ఆర్డర్ ఇచ్చేయవచ్చా మేడమ్?

ఇంకో రెండు రోజులు ఆగండి. మొదటి ఉత్తరానికి రాసిన జవాబు చూస్తే కారణం తెలుస్తుంది.

తగిలించేముందు పవర్ ఆపి తగిలించండి. పవర్ ఉండగా కనెక్టర్ పెట్టడం, తీయడం వల్ల ప్యానెళ్లు పోతాయి. ముందు ప్యానెల్ పవర్, తర్వాత సిగ్నల్, ఆఖరున బ్యాక్‌లైట్ రావాలని డేటాషీట్‌లో మిల్లీసెకన్లతో సహా వరస ఉంటుంది. ఆపేటప్పుడు దానికి తిరగవరస. చేతితో తగిలిస్తే ఆ వరస ఎలాగూ ఉండదు.

తర్వాత తెర మీద నలుపు నుంచి తెలుపుకి మెల్లగా మారే బొమ్మ పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికీ అలాగే పెట్టండి. బిట్ తేడా ఉంటే చారలుగా బయటపడుతుంది. ఒక పిక్సెల్ నల్లగా, పక్కది తెల్లగా ఉండే గళ్ల బొమ్మ పెట్టి, మోటార్లు, రిలేలు, రేడియో అన్నీ ఆన్ చేసి చూడండి. సిగ్నల్ మీద ఒత్తిడి ఎక్కువగా పెట్టే బొమ్మల్లో అదొకటి. అది నడుస్తుండగా కేబుల్‌ని కనెక్టర్ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ ఊపండి. తలుపు తీసి వేయండి. వెలుతురు ఫుల్‌లో పెట్టి అవతలి కొసన వోల్టేజీ కొలిచి డ్రాయింగ్ పక్కన రాసిపెట్టుకోండి. ఒక కేబుల్‌ని బలి ఇచ్చి, వైరు లాగి చూసే పరీక్ష చేయించండి.

శాంపిల్‌ని పదే పదే తీసి పెట్టకండి. ఈ సన్నటి కనెక్టర్లలో చాలావాటికి ఎన్నిసార్లు తీసి పెట్టొచ్చన్న హద్దు పదుల్లోనే ఉంటుంది, స్పెక్ షీట్‌లో చూడండి. పరీక్షలకి వాడిన కేబుల్‌ని సరుకులో కలపకుండా వేరే రంగు టేప్ చుట్టి పక్కన పెట్టండి. అన్నీ బాగుంటే ముట్టుకోని రెండు శాంపిళ్ల మీద రివిజన్ నంబర్, తేదీ వేసి సంతకం చేయండి. ఒకటి మీ దగ్గర, ఒకటి తయారీదారు దగ్గర. అప్పుడు ఆర్డర్ ఇవ్వండి.